పర్చేజ్ ఆర్డరు వెనక పేజీ

బాలానగర్‌లో మాది చిన్న లేత్ షాపు. పంపులకు షాఫ్టులు, బుష్‌లు చేసి ఇస్తాం. 2018లో ఒక ఢిల్లీ కంపెనీ సరుకు తీసుకుని పద్నాలుగు లక్షలు ఆపేసింది. చలాన్ల మీద వాళ్ల గోడౌను ముద్రలు ఉన్నాయి కదా, ఇక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

పర్చేజ్ ఆర్డరు వెనక పేజీ అప్పటిదాకా నేను చదవలేదు. చీమ తలకాయంత అక్షరాలు. తగాదా వస్తే ఆర్బిట్రేటర్‌ను, అంటే కోర్టు బయట తీర్పు చెప్పే మనిషిని, వాళ్ల మేనేజింగ్ డైరెక్టరే నియమిస్తాడట, ఆర్బిట్రేషన్ స్థానం ఢిల్లీ అట. బాకీ పడ్డవాడే తీర్పరిని పిలుచుకొస్తాడన్నమాట! కింద నా సంతకం, స్టాంపు.

2019 నవంబరులో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఏకపక్ష నియామకం చెల్లదని చెప్పింది. మా న్యాయవాది సంబరపడ్డారు. నాకు మాత్రం అది ఢిల్లీ హైకోర్టులో మరో పిటిషన్‌గానే కనిపించింది, ఎందుకంటే ఆర్బిట్రేషన్ స్థానం ఎక్కడని రాసి ఉంటే అక్కడి కోర్టుకే వెళ్లాలి. ఈలోగా కరోనా వచ్చింది. తటస్థుడైన ఆర్బిట్రేటర్ దొరికేసరికి 2021.

వాదప్రతివాద పత్రాలు పూర్తయ్యాక పన్నెండు నెలల్లో అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, ఇవ్వాలని ఆర్బిట్రేషన్ చట్టం గడువు పెట్టింది. మా ఆర్బిట్రేటర్ అంతకంటే ముందే ముగించారు. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది నాలుగు విచారణల్లో తేలింది. ఎవరు తేల్చాలి అన్నదానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు చట్టం గడియారంలో లెక్కకే రావు.

అవార్డు కొట్టేయమని ఆ కంపెనీ వాళ్లు అదే చట్టం సెక్షన్ 34 కింద కోర్టుకు వెళ్లారు. 2015 సవరణకు ముందైతే ఆ పిటిషన్ వేస్తే చాలు, అమలు ఆగిపోయేది. ఇప్పుడు స్టే విడిగా అడగాలి, కోర్టు డబ్బు కట్టమనవచ్చు. కట్టమనేసరికి రాజీకొచ్చారు. వడ్డీలో సగం వదులుకున్నాను. లేత్ ఆపరేటర్ల జీతాలకు తెచ్చిన అప్పు వడ్డీని మాత్రం ఎవరూ సగం వదల్లేదు.

పోయిన నెల ఒక కొత్త పార్టీ ఆర్డరు పట్టుకొచ్చింది. ధర కుదిరింది. కాగితం తిరగేసి, స్థానం హైదరాబాద్ అనీ, ఇద్దరం ఒప్పుకోకపోతే ఆర్బిట్రేటర్‌ను ఒక ఆర్బిట్రేషన్ సంస్థ నియమించాలనీ, విచారణలు వీడియోలో జరగాలనీ మూడు వరుసలు రాసిచ్చాను. ఆ పర్చేజ్ మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ‘వెనక పేజీ గురించి అడిగిన మొదటి సప్లయర్ మీరేనండీ’ అన్నాడు. పైవాళ్లతో మాట్లాడి చెబుతానన్నాడు.

ఆర్డరు ఇంకా రాలేదు.