స్టాక్టన్ కర్రలు, అమలాపురం కర్రలు

అమెరికాలో మన పిల్లలకి కరాటే క్లాసు దాదాపు తప్పనిసరి అయిపోయింది. మా అబ్బాయినీ అలాగే చేర్చాం. బెల్టులు మారుతూ వచ్చాయి. కొన్నాళ్ళకి వాళ్ళ మాస్టారు పెద్ద పిల్లల చేతికి కర్రలిచ్చారు. ఆయన కరాటేతో పాటు ఫిలిప్పీన్స్ కర్రవిద్య ఎస్క్రిమా కూడా నేర్పుతారు. అప్పటినుంచి మా ఇంట్లో, ఆ విద్యకి అమెరికాలో పేరు తెచ్చిన గురువు డాన్ ఇనొసాంటో పేరు తరచూ వినపడుతోంది. ఆయన గురించి చదివినకొద్దీ, పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సిన జీవితం అనిపించింది.

ఇనొసాంటో 1936లో కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో, ఫిలిపినో కుటుంబంలో పుట్టారు. మౌంటెన్ హౌస్, ట్రేసీల్లో ఉండే మన తెలుగువాళ్ళకి స్టాక్టన్ అంటే కౌంటీ కేంద్రం, అంతే. కానీ ఆ ఊరి చుట్టూ ఉన్న డెల్టా పొలాల్లో ఒంగి ఒంగి ఆస్పరాగస్ కోసింది ఎక్కువగా ఫిలిపినో కూలీలే. ఫిలిపినోలకి ప్రవేశం లేదని బోర్డు పెట్టిన హోటల్ కూడా అప్పట్లో ఆ ఊళ్ళో ఉండేది. తెల్లవాళ్ళని పెళ్ళి చేసుకోవడానికి కాలిఫోర్నియా చట్టం 1948 దాకా అడ్డు పడింది. అంత అవమానంలోనూ ఆ కూలీల్లో కొందరి చేతుల్లో గొప్ప కర్రవిద్య ఉంది. బయటికి చెప్పుకునేవాళ్ళు కాదు. నమ్మినవాళ్ళకి మాత్రమే, పెరళ్ళలోనో గుడిసెల్లోనో నేర్పేవాళ్ళు.

అదే ఊళ్ళో పెరిగిన ఇనొసాంటో పదకొండేళ్ళప్పుడు ఒక బంధువు దగ్గర మొదలుపెట్టింది మాత్రం ఒకినావా కరాటే. తర్వాత జూడో, జుజుత్సు. సైన్యంలో పారాట్రూపర్‌గా పనిచేశారు. ఎడ్ పార్కర్ దగ్గర కెంపో కరాటేలో బ్లాక్ బెల్ట్ తీసుకున్నారు. 1964లో పార్కర్ జరిపిన లాంగ్ బీచ్ పోటీల్లో బ్రూస్ లీ పరిచయమయ్యారు. ఆ స్నేహం గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను దాని జోలికి పోను. నా మనసు పట్టుకున్నది వేరే సంగతి. నీ సొంతవాళ్ళ విద్య సంగతి చూడు అని ఇనొసాంటోని ప్రోత్సహించింది హవాయి నుంచి వచ్చిన పార్కర్. అప్పుడాయన స్టాక్టన్ వెళ్ళి ఏంజెల్ కబాలెస్, జాన్ లకోస్ట్, మాక్స్ సర్మియెంటో లాంటి పెద్దల ముందు శిష్యుడిగా నిలబడ్డారు. కబాలెస్ పొలాల్లో పనిచేసిన మనిషి. 1966లో స్టాక్టన్‌లోనే ఆయన బడి తెరిచారు. అమెరికాలో అందరికీ ఎస్క్రిమా నేర్పిన తొలి బడుల్లో అదొకటి.

మన పార్టీల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "జపాన్ వాళ్ళ కరాటే ఎందుకండీ, మనది ఏదైనా నేర్పించొచ్చుగా?" ఆ మాటలో ప్రేమ ఉందని తెలుసు, అయినా నేను ఒప్పుకోను. కరాటే నేర్చి ఉండబట్టే పెద్దల చేతుల్లో ఉన్నదాని విలువ ఇనొసాంటో కంటికి ఆనింది. పిల్లలు ఏ దారిన వెళ్ళినా మనకి టెన్షన్ అక్కర్లేదు. వాళ్ళు తిరిగొచ్చి అడిగేనాటికి చెప్పేవాళ్ళు ఉండాలి, చెప్పడానికి సిగ్గుపడకుండా ఉండాలి.

క్లాసులో నేను గోడవారన కూర్చుని చూస్తాను. కరాటేలో ముందు ఒట్టి చేతులు, ఆయుధం చాలా తర్వాత. ఎస్క్రిమాలో ముందే కర్ర. చెయ్యి చాచినంత పొడవుండే రాటన్ (పేము) కర్ర, రెండు చేతుల్లో రెండు. సినవాలి అనే వరసలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పైన, కింద, మళ్ళీ పైన కొట్టుకుంటూ పోతారు. ఒక్క దెబ్బ లెక్క తప్పితే వేలి కణుపు వాచిపోతుంది. జోరందుకుంటే కర్రలు రాసుకుని కాలిన వాసన వస్తుంది, అంచుల్లో పీచు లేస్తుంది. మావాడు అక్కడ నల్ల టేపు చుట్టుకుంటాడు.

ఒకరోజు ఆ కర్రలతోనే వీడియో కాల్‌లో అమలాపురంలో ఉన్న వాళ్ళ తాతయ్యకి చేసి చూపించాడు. మా నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని, "భుజం వదిలెయ్యి నాన్నా. మణికట్టు తిప్పు, మణికట్టు," అన్నారు. వాడు తెల్లబోయాడు. వాళ్ళ మాస్టారు కూడా అదే చెబుతారట.

దసరా వాహనాల ముందు చెడీ తాలింఖానా అనే సాము విన్యాసాల్లో కర్రసాము, కత్తిసాము చేసేవాళ్ళని చూడ్డానికి కోనసీమ అంతా అమలాపురం వస్తుంది. మా నాన్నగారు వయసులో ఉన్నప్పుడు అక్కడ కర్ర తిప్పారు. నా చిన్నప్పుడు ఆ ఊసు ఇంట్లో పెద్దగా వచ్చేది కాదు. చదువు, ఉద్యోగం, వీసా, వీటి ముందు కర్రసాము ఎవరికి పట్టింది? ఇప్పుడు మనవడు అడుగుతుంటే ఆయన విసుగు లేకుండా చెబుతున్నారు. కర్ర ఎంత పొడవుండాలి, చెవి పక్కనుంచి గాలి ఎలా వినపడాలి, గురువుగారికి దణ్ణం పెట్టందే కర్ర ఎందుకు ముట్టుకోకూడదు. వాడి తెలుగు అక్కడక్కడా తడబడుతుంది. నేను అందించబోతే ఇద్దరూ ఆగమంటారు.

ఈ దసరాకి ఊరు వెళ్తున్నాం. అక్టోబర్‌లో ఇక్కడ సెలవులుండవు కాబట్టి స్కూల్లో ఇండిపెండెంట్ స్టడీకి, అంటే బడికి వెళ్ళకుండా పాఠాలు సొంతంగా చేసుకునే ఏర్పాటుకి, రాసిచ్చాం. నాన్నగారు అక్కడి గురువుగారితో మాట్లాడి ఉంచారు. ఊరేగింపులో కాదు, ముందు సాధన చేసే చోటికి తీసుకెళ్తారట. మావాడు రాటన్ కర్రలు కూడా తెస్తానని పట్టుబడితే, తాతయ్య సరేనన్నారు, వాటినీ ఒకసారి తిప్పి చూడాలని ఆయనకే ఎక్కువ ఆత్రంగా ఉంది. చేతి సామానులో ఒప్పుకోరు కనక వాటికి సరిపోయే పొడుగాటి పెట్టె వెతుకుతున్నాను.