మాస్టారు తాగుతారంట

నిన్న సాయంత్రం టర్మ్ జీవిత బీమా పాలసీ కాగితాలు చేతికొచ్చాయి. నాలుగున్నర నెలలు పట్టింది. ఆ కోపం, ఈ ఊరట రెండూ వేడి మీద ఉండగానే రాసేస్తున్నాను. చల్లారితే సగం దిగమింగేస్తానని నాకు తెలుసు.

నేను కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. వయసు 51, సర్వీసు 26 ఏళ్ళు. చుట్టా బీడీ ముట్టలేదు, మందు వాసన పడదు. మా నాన్నగారు 58 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. అమ్మాయి ఇంకా చదువుకుంటోంది, అందుకే పాలసీ అనుకున్నాను. దరఖాస్తు, ఆధారు, పాన్, జీతం చీటీలు ఒక్క పూటలో అయిపోయాయి. మిగిలింది రక్తపరీక్ష.

కంపెనీ వాళ్ళు చెప్పిన ల్యాబు పక్క టౌన్లో ఉంది. ఫోన్ చేసిన అమ్మాయి "రేపు పొద్దున్న పరగడుపున వచ్చేయండి సార్" అంది, అంతే. ఆ రాత్రి మేనల్లుడి పెళ్ళి. మా వైపు పెళ్ళి భోజనం గురించి చెప్పాలా? పనసపొట్టు కూర, పులిహోర, నెయ్యి ఓడుతున్న బొబ్బట్లు, చివర్న ఆత్రేయపురం పూతరేకులు. మా పంక్తి లేచేసరికి పదకొండున్నర దాటింది. పొద్దున్న ఏడింటికి ల్యాబులో కూర్చున్నాను. టీ కూడా తాగలేదు కాబట్టి పరగడుపే అనుకున్నాను. లిపిడ్ పరీక్షకి, అంటే రక్తంలో కొవ్వులు చూసే పరీక్షకి, తొమ్మిది నుంచి పన్నెండు గంటలు ఏమీ తినకూడదని ఆ ఫోన్లో ఒక్క ముక్క చెప్తే ఈ కథే లేదు.

రక్తం తీశారు, ఈసీజీ తీశారు. సంతకం కోసం ఆగమన్నారు. అరగంట తర్వాత లోపల్నించి టెక్నీషియన్ కుర్రాడు ఒక గాజు గొట్టం పట్టుకుని బయటికే వచ్చేశాడు. యంత్రంలో తిప్పాక రక్తం అడుక్కి దిగి, పైన లేత పసుపు రంగులో తేటనీరు నిలవాలి. నా గొట్టంలో అడుగున ఎర్రగానే ఉంది గానీ, పైనున్నది తెల్లగా, చిక్కగా, అప్పుడే పితికిన గేదె పాలలా ఉంది. కుర్రాడు దాన్ని ట్యూబులైటుకేసి ఎత్తి పట్టుకుని అందరికీ వినపడేలా అడిగాడు: "మాస్టారండీ, రాత్రి గట్టిగా వేశారేంటండీ?"

బెంచీల మీద ఎనిమిది మంది ఉన్నారు. అందులో ఇద్దరు మా స్కూలు పిల్లల తల్లిదండ్రులు. ఒకావిడ పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేను ముట్టనయ్యా" అన్నాను. "ఆయ్, అందరూ అలాగే అంటారండి" అన్నాడు. కౌంటరు దగ్గరాయన నవ్వాడు. ఆ నవ్వు నాకింకా వినిపిస్తోంది. 26 ఏళ్ళుగా బోర్డు ముందు నిలబడ్డవాణ్ణి, అక్కడ నోరు పెగల్లేదు.

మూడు రోజులు తిరక్కుండా ఊళ్ళోకి వచ్చేసింది. మా ఆవిడ శనివారం గుడికి వెళ్తే ఎవరో "మాస్టారికి ఆ అలవాటు ఎప్పణ్ణించమ్మా, ఎప్పుడూ చెప్పలేదు" అన్నారట. ఇంటికొచ్చి ప్రసాదం దొన్నె బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా అలా నిలబడిపోయింది. నన్నేమీ అడగలేదు. ఆవిడకి తెలుసు. కానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అక్కడితో ఆగలేదు. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, 612, లివరు ఎంజైములు కాస్త ఎక్కువ, పాలసీ వాయిదా. దాంతోపాటు మద్యం అలవాటు గురించి రెండు పేజీల ప్రశ్నలు. రోజుకి ఎన్ని పెగ్గులు, ఎన్నేళ్ళుగా, మానేసి ఉంటే ఎందుకు మానేశారు. అన్నింటికీ 'లేదు' అని రాసి గెజిటెడ్ అధికారి సాక్షి సంతకంతో పంపాలి. మాకు గెజిటెడ్ అంటే హెడ్మాస్టరుగారే, నాకంటే ఆరేళ్ళు చిన్న. ఆయన ఆ కాగితం మొదట్నించి చివరిదాకా చదివారు, తలెత్తలేదు. సంతకం పెట్టి, స్టాంపు వేసి, "టీ తాగుదామా మాస్టారూ" అన్నారు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

ఇక రిపోర్టు సంగతి. మొత్తం కొలెస్ట్రాల్ 262, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 31, చెడ్డదనే ఎల్‌డీఎల్ 109. కౌంటరాయన "చెడ్డ కొలెస్ట్రాల్ పర్వాలేదండి, 109 అంటే మామూలే" అన్నాడు. నాకు లెక్క కుదరలేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని కొలవరు, లెక్కగడతారు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ అనే ఆయనా, ఆయన తోటివాళ్ళూ ఇచ్చిన సూత్రం అది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు తీసేయాలి. 262 లోంచి 31 పోతే 231. 612 ని ఐదుతో భాగిస్తే 122.4. మిగిలింది 108.6. వాళ్ళు 109 అని అచ్చేశారు. కానీ ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ సూత్రం పనికిరాదు, ఆ మాట సూత్రం ఇచ్చినవాళ్ళే చెప్పారు. పదో తరగతి పిల్లాడు సున్నాతో భాగిస్తే సున్నా మార్కులు వేస్తాం కదా, ఇదీ అలాంటి తప్పే. మర్నాడు వెళ్ళి అడిగాను. "కంప్యూటరిచ్చిందండి" అన్నారు. సూత్రం కాగితం మీద వేసి చూపించాను. "మీరు లెక్కల మాస్టారా" అన్నారు, రిపోర్టు మాత్రం మార్చలేదు.

రాజమండ్రిలో ఒక డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు పన్నెండు గంటలు కడుపు మాడ్చి మళ్ళీ ఇమ్మన్నారు. తినంగానే కొవ్వు కైలోమైక్రాన్లనే పెద్ద రేణువులుగా రక్తంలోకి వస్తుంది, అవి ఎక్కువున్నప్పుడు సీరం, అదే గొట్టంలో పైన నిలిచే తేటనీరు, పాలలా కనిపిస్తుంది. అంటే పెళ్ళి భోజనం పాత్ర కొంత ఉంది. కానీ రెండోసారి కూడా ట్రైగ్లిజరైడ్లు 438 వచ్చాయి. ఈసారి నేరుగా కొలిచిన ఎల్‌డీఎల్ 141. ఆ 109 ఎంత మోసమో చూడండి. మూడు నెలల చక్కెర సరాసరి హెచ్‌బీఏ1సీ 6.3. 6.5 దగ్గర మధుమేహం అంటారు, నేను గుమ్మంలో ఉన్నాను. స్కానింగులో లివరుకి కొవ్వు పట్టింది.

ఆవిడ చెప్పిన మాట నా ప్రాణానికి చన్నీళ్ళు పోసినట్టయింది. "మందు తాగితే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, నిజమే. చక్కెర అదుపు తప్పినా పెరుగుతాయి, థైరాయిడ్ తగ్గినా పెరుగుతాయి, కిడ్నీ జబ్బుల్లో, వేరే జబ్బులకి వేసుకునే కొన్ని మాత్రల వల్ల, వంశంలో ఉన్నా పెరుగుతాయి. గొట్టం చూసి తాగుబోతని చెప్పడం వైద్యం కాదు" అన్నారు. థైరాయిడ్ చూశారు, బాగానే ఉంది. 500 దాటి అక్కడే ఉంటే క్లోమం వాచే ప్రమాదం ఉందట, అప్పుడు మాత్రలు మొదలుపెట్టడం ఆలస్యం చేయరు. నేను దానికి లోపలున్నాను కాబట్టి మూడు నెలలు తిండీ నడకా చూద్దామన్నారు.

ఇక్కడ మా తోడల్లుడి సంగతి చెప్పాలి. కొలెస్ట్రాల్ అనగానే ఆయన నూనె మానెయ్, నెయ్యి మానెయ్, గుడ్డు మానెయ్ అని ఇంటికొచ్చి హుకుం జారీ చేశారు. పదిహేను రోజులు పోపు లేని పప్పుతో బతికాను. రుచి లేక అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను, మజ్జిగన్నంలో బెల్లం ముక్క కొరుక్కున్నాను. అదే నా జబ్బుకి మేత. ట్రైగ్లిజరైడ్లకి అన్నం, చక్కెర పెద్ద శత్రువులు. లివరు మిగిలిన పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఆయనకి కోపం వచ్చినా సరే, తెలియనివాళ్ళు పక్కవాడి పళ్ళెం జోలికి పోకూడదు.

చిన్న త్రాసు కొని తూచాను. వండకముందు బియ్యం నా వాటా రోజుకి 480 గ్రాములు, అందులో పిండిపదార్థమే 370 దాటుతుంది. మేం తినేది స్వర్ణ. 1982లో మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029, దేశం నలుమూలలా పండుతోంది, మా డెల్టా గర్వం. రక్తంలో చక్కెరని మిగతా చాలా రకాలకంటే నెమ్మదిగా పెంచే బియ్యమని కూడా పరిశోధనల్లో తేలింది. అయినా కుంభం వేసుకుని తింటే స్వర్ణైనా సోనా మసూరైనా ఒకటే. ఇక టీ. స్టాఫ్ రూములో మూడు, ఇంట్లో మూడు, కప్పుకి రెండు చెంచాలు. రోజుకి 60 గ్రాములు, నెలకి 1,800 గ్రాముల పంచదార నా ఒక్కడికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపైతే మరీ మంచిదంటోంది. బెల్లం పూతరేకులైతే పర్వాలేదని మనవాళ్ళు తమకి తాము చెప్పుకుంటారు. రక్తంలోకి వెళ్ళాక బెల్లమూ చక్కెరే.

బియ్యం 220 గ్రాములకి తెచ్చాను, ఖాళీని కూరతో, పెసలతో, చేపతో నింపాను. మొదటి వారం ఆకలికి నిద్ర పట్టలేదు. టీలో చక్కెర పూర్తిగా తీసేశాను. మామిడిపళ్ళ కాలంలో కొత్తపల్లి కొబ్బరి వాసన ఇల్లంతా నిండితే రెండు చెక్కలతో సరిపెట్టుకుని లేచిపోయాను. అది నేను సాధించినదే, ఎవరు కాదన్నా ఒప్పుకోను. కాలవలు కట్టేసిన రోజుల్లో కూడా తెల్లారగట్ల ఐదింటికి గట్టు మీద నలభై ఐదు నిమిషాలు నడిచాను. 84 కిలోల వాణ్ణి 78కి వచ్చాను.

నూనె గురించి రెండు ముక్కలు. 'కొలెస్ట్రాల్ లేని నూనె' అని డబ్బా మీద రాస్తే మురిసిపోకండి, మొక్కల్నించి వచ్చే ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చే కొలెస్ట్రాల్ ఉండదు. అది జంతువుల్నించి వచ్చే తిండిలోనే ఉంటుంది. ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు, దానికంటే చెడ్డది వనస్పతి డాల్డాల్లోని ట్రాన్స్ కొవ్వు. పామాయిల్లో సగం సంతృప్తమే, బజ్జీల బండి మీద మరిగేది చాలా చోట్ల అదే. కొబ్బరి నూనెలో ఇంకా ఎక్కువ. కొబ్బరి తోటే మాకు కూడు పెట్టింది, ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. కొబ్బరి పచ్చడి వారానికి రెండుసార్లకి తగ్గించాం, వేరుశనగ నూనె కొలిచి పోస్తున్నాం. చేపలకి మాత్రం అడ్డు లేదు, వేపుడు కాకుండా పులుసు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ, పుస్తెలు అమ్మక్కర్లేదు. కానాగంతల్లో, నూనె కవ్వల్లో కూడా ఒంటికి మేలు చేసే ఆ ఒమేగా-3 కొవ్వుంటుంది, ధర అందరికీ అందుతుంది.

మూడున్నర నెలలకి మళ్ళీ పరీక్ష: మొత్తం 188, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 168. ఇప్పుడు సూత్రం పనికొస్తుంది, ఎల్‌డీఎల్ 116. హెచ్‌బీఏ1సీ 5.8. నాన్నగారి చరిత్ర చూసి డాక్టరమ్మ కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మాత్ర చిన్న మోతాదులో రాశారు, వేసుకుంటున్నాను. కంపెనీ ప్రీమియం కొంచెం పెంచి ఒప్పుకుంది.

అన్నింటికంటే నన్ను కుదిపేసింది వేరే ఉంది. నాతోపాటు మా ఆవిడకీ పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 9.2, ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. ఒకటే వంటిల్లు, ఒకటే పొయ్యి. నా రక్తంలో కొవ్వు పాలలా తేలుతుంటే ఆవిడ రక్తంలో ఇనుము లేదు. అందరూ తిన్నాక అడుగున మిగిలిన కూర, ఆవకాయ, మజ్జిగ, వెంటనే టీ. టీ ఆ కాస్త ఇనుమునీ ఒంటబట్టనివ్వదట. ఇన్నాళ్ళు నాకు కనపడలేదు. నేను ఎక్కువ తిన్న ఆ రెండు ముద్దలు ఎవరి కంచంలోవి?

డాక్టరమ్మ ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలిచ్చారు. పరిశోధకుల బృందంతో ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో తయారు చేయించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మన భీమవరంలో పుట్టిన మనిషి. మా పక్క ఊళ్ళలో బోదకాళ్ళకిచ్చే మందు వెనకా ఆయనే ఉన్నారు. మాత్ర చేతిలో పెట్టి ఈ సంగతి చెప్తే ఆవిడ "అయితే మనోడే ఇచ్చాడన్నమాట" అని నీళ్ళు తాగింది.

ఇప్పుడు కూర దించగానే ముందు ఆవిడ కంచంలో పడుతుంది. తోటకూర, మునగాకు, పక్కన నిమ్మచెక్క. టీ గంటన్నర తర్వాతే. మొన్న పరీక్షలో 10.8 వచ్చింది. పై నెల మళ్ళీ రాజమండ్రి వెళ్ళాలి, ఇద్దరికీ టిక్కెట్లు నేనే తీస్తాను.