సుత్తి లేని కోర్టు

ఈ రోజు తొమ్మిదో తరగతి పిల్లలు 31 మందిని మా టౌన్‌లోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకి తీసుకెళ్లాను. అసలైతే విచారణ బహిరంగంగానే జరుగుతుంది, ఎవరైనా వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోవచ్చు. కానీ ఇంతమంది యూనిఫాంలో ఒక్కసారిగా వెళ్లి పడితే బాగోదు కదా, ముందే పర్మిషన్ తీసుకున్నాను.

పదిన్నరకి జడ్జిగారు వచ్చారు, అందరూ లేచారు. మావాళ్ల కళ్లన్నీ బల్ల మీదే, సుత్తి కోసం. మన కోర్టుల్లో సుత్తి కొట్టరర్రా అని క్లాసులో చెప్తే ఒక్కరూ నమ్మలేదు. "ఆర్డర్ ఆర్డర్" కూడా లేదు. ఉన్నదల్లా కాల్ వర్క్. క్లర్కు కేసు నంబరు చదవడం, గుమ్మం దగ్గర బంట్రోతు పేరు మూడుసార్లు కేకేయడం, వరండాలోంచి ఎవరో కండువా సర్దుకుంటూ పరుగున రావడం, తేదీ చెప్పించుకుని వెళ్లిపోవడం. అరగంటకే ఆవలింతలు మొదలయ్యాయి.

ఆవలించనివాడు ఒక్కడే. మార్కుల్లో ఎప్పుడూ చివర, బడికి వారంలో ఒకరోజైనా డుమ్మా. వాడు పక్కవాళ్లకి గుసగుసగా చెప్తున్నాడు: "పిలిచినప్పుడు పలక్కపోతే ఎక్స్‌పార్టీ చేసేస్తారు, అంటే మనం లేకుండానే కేసు నడిపేస్తారు. అందుకే మా తాత టీ తాగడానిక్కూడా వెళ్లడు." ఎవరు ప్లీడరు, ఎవరు గుమాస్తా, లిస్టు ఎక్కడ అంటిస్తారు, అన్నీ వాడికి తెలుసు. ఆ కాసేపూ పాఠం వాడే చెప్పాడు, నేను విన్నాను.

తర్వాత ఒక గట్టు తగాదాలో సాక్షి బోనెక్కాడు. ముసలాయన. భగవద్గీత తేలేదేంటని ఓ అమ్మాయి నా కొంగు లాగింది. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు మీద చెప్పొచ్చు, లేదా ఆత్మసాక్షిగా చెప్పొచ్చు, పుస్తకం అక్కర్లేదు. ఆయన "మా నాయన పాతిన రాయి బాబూ అది" అన్నాడు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో చెప్తుంటే టైపు అయింది. ఆ మాటలోని తడి టైపులో మిగిలిందో లేదో మరి.

మధ్యాహ్నం ఒక లాయరుగారు చెట్టు కింద మాతో మాట్లాడారు. ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని పెడతారని, 15100కి ఫోన్ చేయొచ్చని చెప్పారు. ఆడపిల్లలు కొందరు నంబరు అరచేతిలో రాసుకున్నారు. ఎవరూ చెప్పకుండానే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని కూడా ఆయనే చెప్పారు. మావాడు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ అయిపోయాక ఆపేశాడు. లాయరుగారు నవ్వి, "రూలు అది బాబూ" అన్నారు. ఆ నవ్వు నాకేం నచ్చలేదు.

బస్సు దిగుతుంటే వాడు నా దగ్గరికొచ్చాడు.

"మేడమ్, 19న నేను బడికి రాను."

"ఏంరా?"

"తాతకి వాయిదా. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు, పిలిస్తే నేనే చెప్పాలి."

రాత్రి హాజరు పట్టీ తీసి వెనక్కి చూశాను. వాడి పేరు ఎదురుగా ఉన్న ఆబ్సెంట్లలో సగం పక్కన "జ్వరం" అని నా చేతిరాతే.