ప్లూటో తగాదా

మైపాడు బీచ్‌లో గురుగ్రహాన్ని చూస్తుంటే మా మేనకోడలు అడిగింది: "మామయ్యా, ప్లూటోను గ్రహాల జాబితాలోంచి ఎందుకు తీసేశారు?"

2006లో ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం, గ్రహం అనిపించుకోవాలంటే మూడు షరతులు పెట్టింది. సూర్యుడి చుట్టూ తిరగాలి, దాదాపు గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య పరిసరాల్లో తనదే పెత్తనం కావాలి. ప్లూటో మూడోదాంట్లో తప్పింది. నాకు మాత్రం మొదటిదే మింగుడుపడదు. ఆ నిర్వచనం మన సౌరకుటుంబానికే పరిమితం, ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే వేలాది గ్రహాలకు వర్తించదు. ఇదేం లెక్క?

పైగా, ఒక గోళం ఏమిటో దాని స్వరూపాన్ని బట్టి తేల్చాలి గానీ ఇరుగుపొరుగును బట్టి కాదంటాను. "అయితే గురుడి చుట్టూ తిరిగే గానిమీడ్ బుధుడికన్నా పెద్దది, అదీ గ్రహమేనా?" అంది గడుసుగా. గ్రహమే. పాఠ్యపుస్తకాలు కాస్త లావెక్కుతాయి, అంతే.