స్టేడియం బాండు పత్రాల్లో ముందు చూడాల్సిన లెక్క: నా అనుభవం

అమెరికాలో మా కౌంటీ (జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం) ఒక ప్రొఫెషనల్ జట్టు స్టేడియానికి బాండ్లు జారీ చేస్తానన్నప్పుడు, పబ్లిక్ హియరింగ్‌లో మనిషికి మూడేసి నిమిషాలు ఇచ్చారు. ఆ కాస్త సమయానికి ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, ఎక్కడ పొరబడతామో రాస్తున్నాను.

తేల్చుకోవాల్సింది ఒకటే. బాండు కొన్నవాళ్లకు వచ్చే వడ్డీ మీద ఫెడరల్ ఆదాయపు పన్ను ఉందా, లేదా? ఇప్పటికే జారీ అయిన బాండ్ల అఫీషియల్ స్టేట్‌మెంట్, అంటే కొనేవాళ్ల కోసం బాండు వివరాలన్నీ రాసిన పత్రం, ఎమ్మా (EMMA) అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కౌంటీ పేరుతో వెతికితే కొన్నిసార్లు ఏమీ రాదు, ఎందుకంటే జారీ చేసేది తరచుగా విడిగా పెట్టిన స్టేడియం అథారిటీ. పత్రం పొడుగు చూసి జంకొద్దు. మొదటి పేజీలో పన్ను గురించి లాయర్ల అభిప్రాయం, లోపల ‘టాక్స్ మ్యాటర్స్’, ‘సెక్యూరిటీ ఫర్ ది బాండ్స్’ అనే భాగాలు చదివితే చాలావరకు తేలిపోతుంది. కొత్త బాండ్లయితే ఈ పత్రం అమ్మకానికి కాస్త ముందుగానే బయటికొస్తుంది, అప్పటికి ఓటింగ్ అయిపోయి ఉండొచ్చు. అందుకే పబ్లిక్ రికార్డ్స్ చట్టం (సమాచార హక్కు లాంటిది) కింద జట్టుతో చేసుకునే లీజు ముసాయిదా ముందే అడగాలి.

లీజులో వెతకాల్సింది జట్టు కట్టే అద్దె, అది బాండు అసలు, వడ్డీల్లో ఎంత శాతమన్నది. అసలు మెలిక ఇక్కడే ఉంది. 1986 పన్ను సంస్కరణ చట్టం స్టేడియాలకు పన్ను మినహాయింపు ఆపాలనుకుంది. ప్రైవేటు వాడకం 10 శాతం దాటి, ప్రైవేటు చెల్లింపు కూడా 10 శాతం దాటితే మినహాయింపు పోతుందన్నారు. రెండూ దాటాలి. స్టేడియంలో వాడకం ఎలాగూ దాటుతుంది. కాబట్టి మినహాయింపు నిలబెట్టుకోవాలంటే జట్టు 10 శాతానికి మించి కట్టకూడదు! మిగతా 90 శాతం అమ్మకపు పన్ను, హోటల్ పన్ను లాంటి వాటి నుంచి మనం కట్టాలి. జట్టు ఎక్కువ కడతానన్నా వద్దనాల్సిన చోటికి నగరాన్ని తెచ్చింది ఈ నిబంధన.

న్యూయార్క్‌లో 2009లో తెరిచిన కొత్త యాంకీ స్టేడియంలో ఇంకో దారి కనిపెట్టారు. జట్టు కట్టే సొమ్మును ఆస్తిపన్నుకు బదులు చెల్లింపుగా చూపి, ప్రైవేటు చెల్లింపు లెక్కలోకి రాకుండా చేశారు. ఆ ఒక్క స్టేడియానికి ఫెడరల్ రాయితీ 43.1 కోట్ల డాలర్లని 2016లో బ్రూకింగ్స్ సంస్థ లెక్కగట్టింది. 2000 తర్వాత కట్టిన, బాగుచేసిన 45 స్టేడియాల్లో 36 పన్ను మినహాయింపు బాండ్లు వాడుకున్నాయని కూడా చెప్పింది.

హియరింగ్‌లో ఎక్కువగా వినిపించే మాట ‘ఇది మన కౌంటీ డబ్బే కదా’ అని. కాదు. వంద డాలర్ల బాండు తీసుకోండి. పన్ను ఉంటే వడ్డీ 5 డాలర్లు, లేకపోతే 4 అనుకుందాం. 37 శాతం శ్లాబులో ఉన్నాయనకు 5లో 1.85 పన్ను పోయి 3.15 మిగులుతుంది. మినహాయింపు బాండుతో పూర్తి 4 వస్తుంది. కౌంటీకి మిగిలింది ఒక డాలరు, ఆయనకు 85 సెంట్లు, ఫెడరల్ ఖజానా నష్టపోయింది 1.85. ఆ జట్టు ఆట ఎప్పుడూ చూడని రాష్ట్రాలవాళ్లు కూడా ఇది మోస్తున్నారు. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి కౌన్సిల్ సభ్యుల చేతిలో పెట్టండి, మాటకన్నా బాగా పనిచేస్తుంది.

చట్టం మార్చడం మాత్రం కౌంటీ చేతిలో లేదు. ఈ మినహాయింపు ఆపాలని సెనేటర్ మొయినిహన్ 1996లోనే బిల్లు పెట్టారు. 2017లో ప్రతినిధుల సభ పన్ను బిల్లులో ఈ మినహాయింపు రద్దు ఉన్నా, తుది చట్టంలో తీసేశారు. మీ ప్రతినిధికి రాసేటప్పుడు ‘రాయితీలు ఆపండి’ అని ఊరుకోకండి. ప్రొఫెషనల్ స్టేడియాలకు ఆ 10 శాతం చెల్లింపు పరీక్ష తీసేసి, వాడకం ఒక్కటే చూడమని అడగండి. పాత బాండ్లు తీర్చడానికి జారీ చేసే రీఫండింగ్ బాండ్లకూ అది వర్తించాలని తప్పకుండా రాయండి. లేకపోతే పాత మినహాయింపే కొత్త కాగితం మీద కొనసాగుతుంది.