కక్ష్యలో బ్రేకు, అడవిలో గవయం

వీడియో గేమ్ ఆడుతూ తీరిగ్గా సాగించే మాటలకు ఒక ప్రత్యేకమైన విలువ ఉందని నేను గట్టిగా నమ్ముతాను. వాదన ఎక్కడ మొదలై ఎటు పోయినా, తెర మీద ఒక చిన్న ప్రపంచం తన నియమాల ప్రకారం తాను నడుస్తూనే ఉంటుంది గనుక, ఒకరు ఒక మాట అన్నప్పుడు "అయితే చేసి చూపించు" అని రెండోవారు అక్కడికక్కడే అడగవచ్చు. సినిమాల మీదో రాజకీయాల మీదో జరిగే వాదనల్లో ఆ వీలు లేదు.

శనివారం రాత్రుళ్లు మేం ముగ్గురం ఆన్‌లైన్‌లో మాట్లాడుకునే వేదికైన డిస్కార్డ్‌లో కలుస్తాం. నేను హైదరాబాదులో ఉంటాను, మా మేనత్త కొడుకు డాలస్‌లో ఉంటాడు, నా చిన్ననాటి మిత్రుడు తిరుపతిలో ఉంటాడు. మాకు భోజనాలు ముగిసే వేళకు బావకు కాఫీ వేళ అవుతుంది. బావ వృత్తిరీత్యా ప్రోగ్రామర్. తిరుపతి మిత్రుడు న్యాయశాస్త్రం చదువుతున్నాడు. కోర్టుల న్యాయం కాదు, గౌతముడి న్యాయదర్శనం. మేం ఎక్కువగా ఆడేది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికోకు చెందిన స్క్వాడ్ అనే సంస్థ దీని తొలి రూపాన్ని 2011లోనూ, పూర్తి రూపాన్ని 2015లోనూ విడుదల చేసింది. కెర్బిన్ అనే కల్పిత గ్రహం మీద ఆకుపచ్చని చిన్న మనుషులు రాకెట్లు కట్టుకుని ఎగరడమే ఆట. చూడటానికి పిల్లల బొమ్మల్లా ఉన్నా, లోపల నడిచేది న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రమే.

ఈ ఆటలో రెండు నౌకలను కక్ష్యలో కలపబోయే ప్రతివారూ ఒకచోట నివ్వెరపోతారు. మన నౌక వెళ్తున్న కక్ష్యలోనే, పది కిలోమీటర్ల ముందు, రెండో నౌక వెళ్తోంది. దాన్ని అందుకోవాలి. రోడ్డు మీద బండి నడిపిన అనుభవం వేగం పెంచమంటుంది. కానీ ఇంజను మండించి ముందుకు నెట్టుకున్నామంటే, పెరిగిన వేగం మన నౌకను కక్ష్యకు అవతలి వైపున మరింత ఎత్తుకు తీసుకుపోతుంది. ఎత్తు పెరిగితే దారి పొడవవుతుంది, పైకి పోయినకొద్దీ నడక మందగిస్తుంది, చుట్టు పూర్తయ్యేసరికి ముందున్న నౌక ఇంకా దూరంగా కనిపిస్తుంది. అందుకోవాలంటే వేగం తగ్గించాలి. తగ్గిస్తే అవతలి వైపున ఎత్తు పడిపోతుంది, దారి కురచవుతుంది, చుట్టు త్వరగా ముగుస్తుంది, ముందున్న నౌక దగ్గరవుతుంది. అప్పుడు తగ్గించినంత వేగాన్నీ మళ్లీ పెంచి పాత కక్ష్యలోకి రావాలి.

"ముందున్నవాణ్ణి పట్టుకోవడానికి బ్రేకు వెయ్యమంటావేంట్రా?" అని బావ మొదట అడిగాడు. "వేసి చూడు బావా, తరవాత మాట్లాడదాం" అన్నాను. వేసి చూశాడు. ఆ రాత్రి ఆట అక్కడే ఆగిపోయి లెక్క మొదలైంది. భూమికి 475 కిలోమీటర్ల ఎత్తున వృత్తాకార కక్ష్యలో తిరిగే ఉపగ్రహం సెకనుకు సుమారు 7.63 కిలోమీటర్ల వేగంతో పోతుంది, ఒక చుట్టుకు 94 నిమిషాలు పడుతుంది. ఆ వేగంలో సెకనుకు ఒకే ఒక్క మీటరు తగ్గించామనుకుందాం. మనం నడిచే వేగం కన్నా తక్కువ అది. అంతమాత్రానికే కక్ష్య అవతలి వైపు దాదాపు మూడున్నర కిలోమీటర్లు కిందికి దిగుతుంది, చుట్టు రెండు సెకన్ల పైచిలుకు ముందుగా పూర్తవుతుంది, ఆ రెండు సెకన్లలోనే మన ఉపగ్రహం సుమారు 17 కిలోమీటర్లు ముందుకు జరిగి ఉంటుంది. అదే ఒక మీటరు పెంచితే ఆ 17 కిలోమీటర్లూ వెనకబడతాం. ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద ఫలితమా అన్న ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా నేను కోరుకోను.

ఈ విషయం కాగితం మీద తెలిసి ఉండటం వేరు, చేతికి తెలిసి ఉండటం వేరు. 1965 జూన్‌లో అమెరికా జెమిని 4 నౌకను నడిపిన జేమ్స్ మెక్‌డివిట్, కక్ష్యలోకి చేరిన కొద్దిసేపటికే, తమను మోసుకొచ్చిన టైటాన్ రాకెట్ రెండో దశ దగ్గరికి వెళ్లబోయాడు. కళ్లకు కనిపిస్తున్న దాని వైపే ముక్కు తిప్పి థ్రస్టర్లు, అంటే నౌకను జరిపే చిన్న ఇంజన్లు, మండించాడు. అది దగ్గరకు రాలేదు సరికదా, దూరమవుతూ పోయింది. ఇంధనం విపరీతంగా ఖర్చవుతోందని ఆ ప్రయత్నాన్ని చివరికి విరమించారు. ఆయన అనుభవజ్ఞుడైన పైలట్. సరిగ్గా ఆ అనుభవమే, అంటే గాలిలో విమానం నడిపిన చేతి అలవాటే, అక్కడ ఆయనకు అడ్డు వచ్చిందని నేననుకుంటాను. అదే సంవత్సరం డిసెంబరులో జెమిని 6ఏ, జెమిని 7 నౌకలు కక్ష్యలో ఒకదాని చెంతకు ఒకటి చేరాయి. 1966 మార్చిలో జెమిని 8 తొలి డాకింగ్, అంటే కక్ష్యలో మరో నౌకతో అతుక్కోవడం, చేసింది.

ఇదంతా మాకు ఆటగానూ చరిత్రగానూ ఉండిపోయేదే గానీ, 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 ఎగిరింది. ఇస్రో చేపట్టిన స్పేడెక్స్ ప్రయోగానికి సంబంధించి, ఒక్కొక్కటి 220 కిలోల బరువున్న రెండు ఉపగ్రహాలు అందులో ఉన్నాయి. 475 కిలోమీటర్ల కక్ష్యలో వాటిని విడదీసి, కొన్ని కిలోమీటర్ల ఎడం ఏర్పడనిచ్చి, తిరిగి ఒకదాన్ని రెండోదానికి చేర్చి కలపడం లక్ష్యం. జనవరి 7న జరగవలసిన డాకింగ్ వాయిదా పడింది, తరవాతి తేదీ కూడా వాయిదా పడింది. జనవరి 12న మూడు మీటర్ల దాకా చేరువ చేసి, మళ్లీ సురక్షితమైన దూరానికి జరిపారు. 16న పదిహేను మీటర్ల దగ్గర ఆగి, మూడు మీటర్ల దగ్గర ఆగి, చివరికి కలిపారు. అమెరికా, రష్యా, చైనాల తరవాత ఆ పని చేసిన నాలుగో దేశం మనది. ఆ పదిహేడు రోజుల పాటు ఇస్రో ప్రకటించిన ఒక్కొక్క దూరం మాకు అర్థమవుతూ వచ్చింది. ఎందుకు ఆగుతున్నారో, ఆగిన చోట ఎందుకు అంతసేపు ఉంటున్నారో, వెనక్కు తీసుకోవడం ఎందుకు ఓటమి కాదో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. "ఇదేరా మనం చేసేది" అని బావ అన్నప్పుడు అతని గొంతులో ఉన్న ఆనందం నాకు బాగా గుర్తు.

ఆ మాటను తిరుపతి మిత్రుడు వదలలేదు. "అన్నా, 'ఇదే అది' అన్నావే, ఆ జ్ఞానం నీకు ఎట్లా కలిగిందో చెప్పు" అన్నాడు. అక్కడి నుంచి మాటలు ప్రమాణాల మీదికి వెళ్లాయి.

నైయాయికులు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించేవారు, యథార్థజ్ఞానానికి నాలుగు సాధనాలు చెబుతారు, వాటినే ప్రమాణాలంటారు: ప్రత్యక్షం (ఇంద్రియాలతో తెలుసుకోవడం), అనుమానం (గుర్తును బట్టి తర్కించి తేల్చడం), ఉపమానం (పోలికతో గుర్తించడం), శబ్దం (నమ్మదగినవాడి మాట). వీటిలో ఉపమానానికి అందరూ చెప్పే ఉదాహరణ గవయ మృగం. గవయం అంటే ఏమిటో ఎరగని ఒకడికి, అడవి సంగతులు తెలిసినవాడు "గవయం ఆవులాగే ఉంటుంది" అని చెబుతాడు. అతను అడవికి వెళ్లి ఆవును పోలిన ఒక జంతువును చూసి, విన్న మాట గుర్తు తెచ్చుకుని, గవయమంటే ఇదేనని గ్రహిస్తాడు. ఈ సంగతిని తర్కసంగ్రహంలో రెండు మూడు వాక్యాల్లో తేల్చి చెప్పిన అన్నంభట్టు మన తెలుగువాడే. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః" అని ఒక నానుడి ఉంది. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడని దాని భావం. ఆయన చిన్న పుస్తకంతోనే నేటికీ తర్కం చదివేవారు పాఠం మొదలుపెడతారు.

మిత్రుడి వాదన ఇది: కెర్బల్ ఆట మనకు ఆవు వంటిది, స్పేడెక్స్ గవయం వంటిది, కాబట్టి బావకు కలిగింది ఉపమితి, అంటే ఉపమానం వల్ల పుట్టిన జ్ఞానం. బావ ఒప్పుకోలేదు. ఆట రాసినవాడు న్యూటన్ సూత్రాన్ని కోడ్‌లో పెట్టాడు, కోడ్ దాన్ని తుచ తప్పకుండా పాటించింది, మనం తెర మీద చూసినది ఆ మాట ఫలితమే. కనుక అది శబ్దప్రమాణం, నమ్మదగినవాడి మాట వినడం తప్ప మరొకటి కాదన్నాడు. ప్రోగ్రామర్ అనవలసిన మాటే అది, పైగా బలమైన మాట. గ్రహణాన్ని చూసిన మనిషి ఆకాశాన్ని చూశాడు. ఆటలో గ్రహణాన్ని చూసిన మనిషి ఒక రచయిత రాసిన వాక్యాన్ని చదివాడు. మరి ఆ రచయిత కొన్ని సంగతులు రాయకుండా వదిలేస్తే?

వదిలేశాడు కూడా. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లు మాత్రమే, అయినా దాని ఉపరితలం మీద గురుత్వం భూమి మీద ఉన్నంతే ఉంటుంది. అలా ఉండాలంటే ఆ గ్రహం భూమి కన్నా పది రెట్లకు పైగా సాంద్రంగా ఉండాలి, మనకు తెలిసిన ఏ లోహమూ అంత సాంద్రంగా ఉండదు. దీన్ని క్షమించవచ్చు, ఆటలో కక్ష్యకు చేరడం మరీ ఆలస్యం కాకుండా చేసిన ఏర్పాటు అది. అసలు లోటు వేరే ఉంది.

సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1 నౌకను ఇస్రో 2023 సెప్టెంబరు 2న ప్రయోగించి, 2024 జనవరి 6న ఎల్1 అనే లగ్రాంజ్ బిందువు చుట్టూ తిరిగే హేలో కక్ష్యలో పెట్టింది. ఆ బిందువు భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి వైపు ఉంది. పైన చెప్పుకున్న బ్రేకు సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: సూర్యుడికి దగ్గరగా ఉన్న నౌక భూమి కన్నా త్వరగా చుట్టు ముగించి ముందుకు పోవాలి. అలా పోకుండా భూమి దాన్ని కొంచెం తన వైపుకు లాగుతుంది. సూర్యుడి ఆకర్షణలో ఆ మేరకు కోత పడి, నౌక భూమితో సమానంగా ఏడాదికి ఒక చుట్టు తిరుగుతుంది. అంటే రెండు ఆకర్షణలూ ఏకకాలంలో పనిచేస్తేనే ఆ బిందువు ఉంటుంది. కెర్బల్ ఆటలో మాత్రం నౌక మీద ఏ క్షణానికైనా ఒకే గోళం ఆకర్షణ పనిచేస్తుంది. కెర్బిన్‌కు సుమారు 84 వేల కిలోమీటర్ల దాకా కెర్బిన్‌దే రాజ్యం. ఆ గీత దాటితే కెర్బిన్ ఉన్నట్టే లెక్క ఉండదు, అంతా వారి సూర్యుడిదే. లెక్క తేలికగా సాగడానికి చేసిన ఈ సరళీకరణ వల్ల ఆ ప్రపంచంలో ఎల్1 అనేదే లేదు. ఆదిత్యను అక్కడ ఎంత నేర్పుగా నిలబెట్టినా జారి ముందుకు పోతుంది. ఈ ఆటే లోకమని పెరిగినవాడు లగ్రాంజ్ బిందువు అసాధ్యమని నిజాయితీగా వాదించగలడు, తన ప్రత్యక్షాన్నే సాక్ష్యంగా చూపించగలడు.

ఇక్కడ మా మాటలు మరింత లోతుకు వెళ్లాయి. ఒక జ్ఞానం సరైనదని ఎలా తెలుస్తుంది? మీమాంస అనే మరో దర్శనానికి చెందిన మీమాంసకులు జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధమంటారు, అంటే అది సరైనదని దానంతట అదే తెలుస్తుందంటారు. నైయాయికులు అది బయటి నుంచి తేలవలసినదంటారు. దూరాన నీళ్లు కనిపించాయి. దగ్గరికి వెళ్లి తాగితే దాహం తీరింది. కాబట్టి ఆ చూపు సరైనదే, ఎండమావి కాదు. ప్రవృత్తి, అంటే ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని, ఫలించడమే పరీక్ష. బావకు ఇది వెంటనే నచ్చింది. "మన డాకింగ్ కుదిరింది కదా, అదే పరీక్ష" అన్నాడు. మిత్రుడు పాతకాలపు ప్రతిపక్షుల ఆక్షేపణనే ముందు పెట్టాడు: "కలలో నీళ్లు తాగితే కలలో దాహం తీరుతుంది కదన్నా? అంతమాత్రాన ఆ నీళ్లు నిజమా?" ఆటలో కుదిరిన డాకింగ్ ఆటకే సాక్ష్యం. దానికి బావ దగ్గర జవాబు లేకపోయింది, నాకూ తట్టలేదు.

ఆలోచించగా నాకు తోచినది చెబుతాను. మీమాంసకులు కూడా ఉపమానాన్ని ఒప్పుకుంటారు గానీ, దాన్ని తిప్పి చెబుతారు. అడవిలో గవయాన్ని చూసినవాడికి కొత్తగా తెలిసేది, ఎదుట లేని ఇంటి ఆవును గురించి అంటారు: "మా ఆవు దీనిలాగే ఉంటుంది" అని. మా విషయంలో ఈ వివరణే ఎక్కువ సరిపోతుందని నా అభిప్రాయం. స్పేడెక్స్ గురించి మాకు కలిగిన జ్ఞానంలో ముఖ్యమైన భాగం ఆట గురించినదే. రెండు నౌకలను దగ్గర చేర్చే విషయంలో ఆ బొమ్మ నమ్మదగినదని 2025 జనవరి 16న తేలింది. ఆదిత్య విషయంలో నమ్మదగినది కాదని అంతకు ఏడాది ముందే తేలింది. ఆకాశాన్ని చూస్తే ఆటలో ఏ భాగం నిజాన్ని పోలి ఉందో తెలుస్తుంది. ఆటను చూసి ఆకాశాన్ని గురించి తీర్పు చెప్పడానికి మనకు అధికారం లేదు. మిత్రుడు దీన్ని పూర్తిగా అంగీకరించలేదు. పోలిక ముందుగా మనసులో లేకపోతే ఆకాశంలో జరిగినదాన్ని అసలు గుర్తుపట్టేవాళ్లమే కాదు గనుక, నైయాయికుల క్రమమే సరైనదని అతని పట్టు. ఆ మాటలోనూ బలముంది.

ఇప్పుడు బావ ఆట నడిచే తీరును మార్చే ప్రిన్సిపియా అనే మాడ్‌ను తన కంప్యూటర్లో ఎక్కించే పనిలో ఉన్నాడు. దానితో ఆటలోని అన్ని గోళాల ఆకర్షణా ఒకేసారి నౌక మీద పనిచేస్తుంది, లగ్రాంజ్ బిందువులు పుట్టుకొస్తాయి. దానికి తోడు కెర్బిన్ బదులు మన సౌరకుటుంబాన్నే అసలు కొలతలతో పెట్టే మాడ్ ఒకటుంది, దాన్నీ జోడిస్తున్నాడు. మిత్రుడు ఒక షరతు పెట్టాడు: నౌకను పంపక ముందే, అది ఎలా ప్రవర్తించాలో కాగితం మీద రాసిపెట్టుకోవాలి, తరవాత ఇస్రో ప్రకటించినదానితో పోల్చాలి. ఆదిత్య తన హేలో కక్ష్యలో ఒక చుట్టు పూర్తి చేయడానికి 178 రోజులు తీసుకుంటుంది, మధ్య మధ్య థ్రస్టర్లతో చిన్న సవరణలు చేయకపోతే ఆ దారి నుంచి జారిపోతుంది. మా నౌక కూడా దాదాపు అంతే సమయం తీసుకుని, సవరణలు ఆపినప్పుడు అలాగే జారిపోతే, కనీసం ఆ ఒక్క విషయంలో బావ చెప్పిన "ఇదే అది" అన్న మాటను ఒప్పుకుంటానని మా మిత్రుడు అన్నాడు.