చెల్లెలి రక్తపరీక్ష

2006లో మా కార్యాలయంలో రక్తదానం చేశాను. కొన్నాళ్లకు పిలిచి, నా రక్తంలో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉందన్నారు. అప్పుడు చూసిన డాక్టరు "క్యారియర్‌వి మాత్రమే, ఏమీ కాదు" అన్నారు; అంటే వైరస్ ఒంట్లో ఉన్నా జబ్బు లేదని. ఆ మాట నమ్మి పదిహేనేళ్లు నిశ్చింతగా తిరిగాను. కాలేయంలో గడ్డలేమైనా వస్తున్నాయేమో చూసేందుకు ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు.

2021లో అజీర్తి అని వెళితే కాలేయంలో 4 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. కాలేయ క్యాన్సర్ కోసం చేసే ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష మామూలుగానే ఉంది. సీటీ చూసి మాత్రం క్యాన్సరేనన్నారు. చుక్క మద్యం ముట్టనివాడికి ఇదెలా వచ్చిందని అడగని బంధువు లేడు. కొందరి చూపుల్లోని అనుమానం జబ్బుకన్నా ఎక్కువ బాధించింది. మా అమ్మ కూడా తాగి ఎరగదు. పొట్టనిండా నీరు చేరి, నలభై ఎనిమిదేళ్లకే పోయింది. కామెర్లని పసరు పోయించాం.

గడ్డ ఒక్కటే కదా, కోసి తీసేస్తారనుకున్నాను. కానీ చుట్టూ ఉన్న కాలేయం సిర్రోసిస్‌తో గట్టిపడిపోయింది. ప్లీహం పెరిగింది, ప్లేట్‌లెట్లు 68 వేలకు పడిపోయాయి. ముక్క తీస్తే మిగిలినది నన్ను మోయలేదన్నారు. సూదితో కాల్చేద్దామంటే గడ్డ 3 సెంటీమీటర్లు దాటింది. క్యాన్సర్‌కు చేయబోయే ప్రతి వైద్యానికీ సిర్రోసిస్ అడ్డం వచ్చేది. ఇక కాలేయ మార్పిడే దారి. 5 సెంటీమీటర్ల లోపు ఒక్క గడ్డే కాబట్టి అందుకు వీలుందన్నారు. ఈలోగా పెరగకుండా తొడ దగ్గరి రక్తనాళం గుండా మందు పంపి, గడ్డకు రక్తం అందే దారి మూశారు. ఐదు రోజులు జ్వరంతో వణికాను.

"నాది తీసుకో అన్నయ్యా" అంటూ చెల్లెలు వచ్చింది. పరీక్ష చేస్తే ఆమెకూ హెపటైటిస్ బి! పుట్టినప్పుడే అమ్మ నుంచి మా ఇద్దరికీ వచ్చి ఉంటుందన్నారు డాక్టరు. నాకు తెలిసిన 2006లోనే ఆమెకు పరీక్ష చేయించి ఉండవలసింది. ఆ తప్పు నాదే.

చివరికి నా భార్య తన కాలేయంలో సగానికి పైగా ఇచ్చింది. ఇప్పటికీ రోజూ మాత్రలు వేసుకుంటాను. క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని స్కానుకు వెళ్లే ప్రతిసారీ ముందురోజు నిద్ర పట్టదు.

చెల్లెలి కూతురికీ పాజిటివే వచ్చింది. 2023లో ఆమె గర్భిణిగా ఉండగా చివరి మూడు నెలలు వైరస్ తగ్గే మాత్రలు ఇచ్చారు. కాన్పు రోజు రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. పన్నెండు గంటలు గడవకముందే బిడ్డకు టీకా, వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది రెండూ వేశారని నర్సు చెప్పాకే ఇంటికి వెళ్లాను.